ఖాజావలి గారి ముష్టి అర్జీ

రాంగోపాల్‌పేట్, సికింద్రాబాద్
1949 జూన్ 6

విషద్రవ్యాల నమోదు కచేరీలో తెలుగు కాగితాలు చూసే గుమాస్తా గారికి, మూలికల దుకాణం ఖాజావలి సలాం చేసి రాసుకునే అర్జీ.

మా దుకాణం మా నాయన పీర్ మహమ్మద్ కాలం నుంచి ఉన్నది. కరక్కాయలు, పిప్పళ్ళు, సునాముఖి ఆకు, అతిమధురం మా దగ్గర దొరుకుతాయి. ఇన్నేళ్ళు సర్కారుకు ఏం రాసుకున్నా ఉర్దూలోనే రాసేవాణ్ణి. ఇప్పుడు మీ కచేరీలో ఉర్దూ చదివే మున్షీ గారు లేరనీ, తెలుగులో రాస్తే తొందరగా పనవుతుందనీ మా టపా జవాను పర్వతాలు చెప్పాడు. నా తెలుగు వీధి బడి తెలుగు. తప్పులుంటే మన్నించాలి.

నా దగ్గర ఒక బస్తా ముష్టి ఉన్నది. కొత్త కానూను కింద ముష్టికి లైసెన్సు తీసుకోవాలని దండోరా వేశారు. కాబట్టి నాకు ముష్టి లైసెన్సు ఇప్పించగలరు. మా తాత, మా నాయన కూడా ముష్టి మీదనే పేరు తెచ్చుకున్నవాళ్ళు. ఇప్పటికీ ఎక్కడికి పోయినా "ముష్టి పీర్ మహమ్మద్ కొడుకు" అంటేనే నన్ను గుర్తుపడతారు.

మీ జవాబు కోసం చూస్తూ ఉండే
ఖాజావలి

తాజా కలం: మీ కచేరీ మా దుకాణానికి కూతవేటు దూరం. కానీ "అర్జీలు టపాలోనే పంపవలెను" అని మీ తలుపు మీద రాసి ఉన్నదట. పర్వతాలు ఈ ఉత్తరం పట్టుకుని మీ తలుపు ముందు నుంచే పెద్ద పోస్టాఫీసుకు పోయి, ముద్ర వేయించి, మళ్ళీ మీ తలుపు దగ్గరికే తెస్తాడు. ఎండలు ఇంకా తగ్గలేదు. వాడికి కాసిన్ని మంచినీళ్ళు ఇవ్వగలరు.

*

సికింద్రాబాద్
1949 జూన్ 14

శ్రీ ఖాజావలి గారికి,

మీ అర్జీ చేరింది. ముష్టి ఎత్తుకోవడానికి ఈ కార్యాలయం లైసెన్సు ఇవ్వదని తెలియజేయడమైనది. తాత, తండ్రుల కాలం నుంచి ముష్టి మీదే బతుకుతున్నామని దాపరికం లేకుండా రాసుకున్నారు. అందుకు మిమ్మల్ని మెచ్చుకోవాలి. అయితే పట్టణంలో బిచ్చమెత్తడం ఇప్పుడు నిషేధం. దిక్కులేని వృద్ధుల కోసం ఒక ఆశ్రమం ఉంది. మీ అర్జీని అక్కడికి పంపించాను. వారు వచ్చి మిమ్మల్ని తీసుకువెళతారు.

ఇట్లు,
జకర్యా, గుమాస్తా

తా.క.: ఇంట్లో ఒక బస్తా నిలవ ఉండగా ఇంకా ముష్టి కోసం లైసెన్సు అడగడం న్యాయమేనా? ఇది కార్యాలయం ప్రశ్న కాదు, నాది. పర్వతాలుకు మంచినీళ్ళు ఇచ్చాను.

*

రాంగోపాల్‌పేట్
1949 జూన్ 20

గుమాస్తా జకర్యా గారికి సలాం.

మీరు పంపిన ఆశ్రమం వాళ్ళు ఇద్దరు నిన్న పొద్దున వచ్చారు. నేను గద్దె మీద కూర్చుని పిప్పళ్ళు ఏరుతున్నాను. ఒకతను నా భుజాలు కొలిచాడు. రెండో అతను నాకు పళ్ళు ఉన్నాయో లేవో చూశాడు. రొట్టె పెట్టాలో గంజి పొయ్యాలో రాసుకోవాలట. ఇంతలో మా ఇంటామె జాన్ బీ లోపలి నుంచి వచ్చింది. సంగతి విని, "మా ఇంటాయన ముష్టి అమ్ముతడు, ఎత్తుకోడు. మీకు కావాల్నంటే మీరే కొనుక్కపోండ్రి" అన్నది. వాళ్ళు నా వంక చూసి, ఆమె వంక చూసి, ఆమెను గురించి కూడా ఏదో రాసుకుని పోయారు.

తప్పు నాదే. మీది కోస్తా జిల్లా అని పర్వతాలు చెప్పాడు. మీ వైపు ముష్టి అంటే బిచ్చం ఒక్కటే కావచ్చు. ఇక్కడ ముష్టి ఒక చెట్టు. దాని పండు చూడటానికి బత్తాయిలాగా ఉంటుంది. లోపలి గింజ బిళ్ళలాగా చదునుగా, బూడిద రంగులో పట్టులాగా మెరుస్తుంది. గింజ చేదు. శుద్ధి చేసి నూనె కాస్తే కీళ్ళనొప్పులకు మందు. శుద్ధి చెయ్యకుండా తింటే ప్రాణం పోతుంది.

దానికి ఆ పేరు ఎందుకు వచ్చిందో మా నాయన చెప్పేవాడు. ముష్టి అంటే పిడికిలి. ఆ గింజ తిన్నవాడికి ఒళ్ళంతా కొయ్యబారి చేతులు పిడికిళ్ళుగా బిగుసుకుపోతాయట. వేళ్ళు విప్పుదామన్నా రావట. అందుకని అది ముష్టి. ఈ మాట పిడికిలి గురించి తప్ప బిచ్చం గురించి కాదని మీ రిజిస్టరులో దయచేసి రాసుకోగలరు.

బిచ్చగాడు కాని
ఖాజావలి

తా.క.: ఆశ్రమం వాళ్ళు ఒక కంబళి మర్చిపోయారు. తిరిగి ఎక్కడ ఇవ్వాలో రాయండి. తొందర లేదు. జాన్ బీ అది మంచి ఉన్ని అంటున్నది.

*

సికింద్రాబాద్
1949 జూలై 2

ఖాజావలి గారికి నమస్కారం.

మీ ఉత్తరం చదివి సిగ్గుతో తల వంచుకున్నాను. మాది బాపట్ల. ఇక్కడికి వచ్చి నాలుగు నెలలు. మా ఇంట్లో ముష్టి అన్న మాట మా అమ్మ నోట మాత్రమే వినేవాణ్ణి. అది కూడా నేను పరీక్ష తప్పినప్పుడల్లా, "ముష్టెత్తుకుంటావురా" అని. ఆ మాటలో ఒక చెట్టు దాగి ఉందని నాకు తెలియదు.

మీ సంజాయిషీని మా సూపరింటెండెంటు గారి ముందు పెట్టాను. ఆయన కూడా కోస్తా మనిషే. పని రాక్షసుడు, నవ్వడు. ఉత్తరమంతా చదివి "పిడికిలి" అన్న చోట ఎర్ర సిరాతో గీత గీశారు. ముష్టియుద్ధం అని ఒకటుంది కదా అన్నారు. బిగించిన పిడికిళ్ళు, కొయ్యబారిన ఒళ్ళు, నొప్పులకు నూనె, ఇవన్నీ కలిపి చూస్తే మీరు దుకాణం వెనక తాలీంఖానా నడుపుతున్నట్టు అనుమానంగా ఉందట. ఈ రోజుల్లో కుర్రవాళ్ళను పోగుచేసి కుస్తీలు నేర్పడానికి వేరే అనుమతి కావాలట. మీ దగ్గర ఎంతమంది నేర్చుకుంటున్నారో, మీరు స్వయంగా ఎవరితోనైనా తలపడతారో తెలియజేయమన్నారు.

అది గింజే అని నేను రెండుసార్లు చెప్పాను. రెండుసార్లూ "కాగితం మీద రానీ" అన్నారు. కాబట్టి దయచేసి ఇంకో పేరుతో, ఎవరికైనా అర్థమయ్యే పేరుతో, స్పష్టంగా రాయండి.

మీ విధేయుడు,
జకర్యా

తా.క.: కంబళి ఉంచుకోండి. "ముసలి దంపతులకు పంచబడినది" అని వాళ్ళ పుస్తకంలో అప్పుడే ఎక్కింది. పుస్తకంలో ఎక్కినదాన్ని వెనక్కి తీసుకునే పద్ధతి వాళ్ళకు లేదట.

*

రాంగోపాల్‌పేట్
1949 జూలై 9

జకర్యా గారికి సలాం.

నా వయసు అరవై రెండు. రెండు మోకాళ్ళు తక్లీఫ్ పెడుతున్నాయి. నేను కింద కూర్చుంటే లేపడానికి జాన్ బీ, గోడ అవతలి కమలాబాయి ఇద్దరూ రావాలి. నేను తలపడే కుస్తీ అదొక్కటే. సూపరింటెండెంటు గారికి మనవి చెయ్యగలరు.

వేరే పేరు అడిగారు. పాత ఉర్దూ రిజిస్టరులో దాన్ని కుచ్లా అని రాసేవాళ్ళు. మా నాయన ఇంగ్లీషు ఆసుపత్రికి కూడా గింజలు ఇచ్చేవాడు. అక్కడి కాగితాల్లో నక్స్ వామికా అని ఉండేది. మూడూ ఒకటే గింజ. మీకు ఏది వీలైతే అది రాసుకోండి.

ఈ పేర్లు రాస్తుంటే పాత రోజులు కళ్ళ ముందు కదిలాయి. నాకు పది, మా తమ్ముడు షంషీర్‌కు ఏడేళ్ళప్పుడు మా నాయన మమ్మల్ని అల్వాల్ అంగడికి తీసుకుపోయేవాడు. మెదక్ అడవుల నుంచి ఆడవాళ్ళు నెత్తిన గంపలతో దిగేవాళ్ళు. నాయన ఒక గింజ తీసి చూపించి పేరు అడిగేవాడు. నేను తెలుగులో చెప్పాలి, తమ్ముడు ఉర్దూలో చెప్పాలి. ముందు చెప్పినవాడికి బెల్లం ముక్క. షంషీర్ ఎప్పుడూ ముందు చెప్పేవాడు. కుచ్లా అంటే నలగ్గొట్టిందని వాడే అర్థం తీశాడు. "గీ గింజ నలగదు అబ్బా, నలగ్గొట్టేటోడే నలుగుతడు" అన్నాడు ఒకసారి. గంపల ఆడవాళ్ళు కూడా నవ్వారు. నాయన ఆ రోజు వాడికి రెండు ముక్కలు ఇచ్చాడు.

ఆ గింజ నిజంగానే నలగదు. పాలలో ఉడకబెట్టి, పొట్టు తీసి, మెత్తగా ఉన్నప్పుడే తరగాలి. మా తమ్ముడు నాకంటే సన్నగా తరిగేవాడు. పోయిన చలికాలం కరాచీ వెళ్ళిపోయాడు.

ఉంటాను.
ఖాజావలి

తా.క.: మీ అమ్మగారు మిమ్మల్ని తిట్టిన తిట్టు జాన్ బీకి చెప్పాను. ఆమె అన్నది, "గా పిలగాడు పరీక్ష పాసైతే మనకు గీ పరేషాన్ లేకుండె."

*

సికింద్రాబాద్
1949 జూలై 27

ఖాజావలి బాబాయి గారికి,

మిమ్మల్ని ఇలా పిలిచినందుకు ఏమీ అనుకోకండి. ఈ ఊళ్ళో నాతో పని లేని మాట మాట్లాడినవారు మీరొక్కరే.

కానీ ఈ ఉత్తరం మంచి కబురు కాదు. మీ ఉత్తరం వచ్చిన రోజు నేను జ్వరంతో సెలవులో ఉన్నాను. నా బల్ల మీద ఇంకొకరు కూర్చుని మీ మూడు పేర్లనూ రిజిస్టరులో ఎక్కించారు. ముష్టి ఒక బస్తా, కుచ్లా ఒక బస్తా, నక్స్ వామికా ఒక బస్తా. మూడు వరసలు, మూడు రకాల విషాలు. మొన్న మా జవాను మీ దుకాణానికి వచ్చి సరుకు చూసుకుని, మూతి కట్టిన బస్తా ఒక్కటే ఉందని రాసిచ్చాడు. సూపరింటెండెంటు గారు లేచి నిలబడ్డారు. రెండు బస్తాల విషం రాంగోపాల్‌పేట్‌లో కనిపించడం లేదన్నారు.

నేను వెళ్ళి, మూడూ ఒకటేనండీ అన్నాను. ఆయన నన్ను కూర్చోమని కూడా అనలేదు. "ఒకే వస్తువుకు మూడు పేర్లు ఎందుకుంటాయయ్యా? మూడు పేర్లుండేది దొంగకి" అన్నారు. నెల రోజుల్లో మిగతా రెండు బస్తాలు చూపించాలి. లేకపోతే దుకాణానికి సీలు వేసి, కేసు పోలీసులకు అప్పగిస్తారు. ఆ నోటీసు ఈ ఉత్తరంతోనే జతపరిచాను. దాని మీద సంతకం ఆయనదే గానీ రాసిన చేయి నాది. క్షమించండి.

మా నాన్న పేతురు గారు బాపట్లలో మిషను ఆసుపత్రి కాంపౌండరుగా చేసి దిగారు. ముష్టి అంటే నక్స్ వామికానేనని ఆయనకు ఏమైనా తెలుసేమోనని రాశాను. జవాబు రాగానే మళ్ళీ వెళ్ళి మాట్లాడతాను.

మీ,
జకర్యా

తా.క.: నాకూ మూడు పేర్లున్నాయి. పాస్టరు గారు జెకర్యా అంటారు, మా ఆవిడ ఆలిస్ ఏవండీ అంటుంది, మా అమ్మ ఇప్పటికీ చిట్టోడా అంటుంది. ముగ్గురం ఒకే కుర్చీలో కూర్చుంటున్నామని సూపరింటెండెంటు గారికి చెప్పలేదు. మిగతా ఇద్దరినీ వెతికించగలరు.

*

రాంగోపాల్‌పేట్
1949 ఆగస్టు 5

జకర్యా బాబుకు దీవెనలు.

నువ్వు బాబాయి అన్నావు కాబట్టి నేనూ నువ్వు అనే రాస్తున్నాను.

నోటీసు చూశాను. ఇన్నాళ్ళూ నీకు నవ్వుతూ రాశాను గానీ ఈసారి కలం కదలలేదు. నీకు ఒక సంగతి చెప్పాలి. పోయిన సెప్టెంబరులో మిలిటరీ వస్తున్నదని తెలిసిన రోజుల్లో ఊళ్ళో రోజుకొక వదంతి పుట్టేది. ఒకనాడు మా గల్లీ చేదబావిలో ఎవరో విషం కలిపారన్నారు. నీళ్ళు చేదడం మానేశారు. అప్పుడు ఎవరో, ఎవరైతే ఏమిటి, మాకు తెలిసినవాళ్ళే, "విషం అమ్మేది ఎవరు" అన్నారట. నలభై ఏళ్ళు మా దగ్గర మందు తీసుకున్నవాళ్ళు మా దుకాణం ముందు నిలబడి అరుగు ఎక్కకుండా చూసిపోయారు.

కమలాబాయి వచ్చింది. ఆమె మగని కాళ్ళు పడిపోయినప్పుడు మా నాయనే నూనె ఇచ్చి నడిపించాడు. అందరూ చూస్తుండగా ఆమె బావిలో చేద వేసి, నీళ్ళు తోడి, దోసిట పట్టి తాగింది. "సస్తే నేనే సస్త, సూడుండ్రి" అని అరుగు మీద కూర్చున్నది. పొద్దు పోయేదాకా జనం ఆమె చావు కోసం చూశారు. ఆమె చావలేదు. లేచి మాకు జొన్నరొట్టెలు చేసుకొచ్చింది. అది మొదలు మేము ఆరు రోజులు గడప దాటలేదు. రొట్టెలు గోడ మీది నుంచే వచ్చాయి. కాబట్టి రెండు బస్తాల విషం కనిపించడం లేదన్న మాట ఊళ్ళోకి రానివ్వకు. నీకు చేతనైనంత చెయ్యి.

నిన్న బాలమ్మ వచ్చింది. అడవి నుంచి మాకు సరుకు తెచ్చే మనిషి. మా నాయన కాలంలో ఆమె తల్లి తెచ్చేది. నోటీసు సంగతి విని ఆమెకు కోపం వచ్చింది. "ముష్టి గాదు, కుచ్లా గాదు. దాని పేరు ముసిడి. చెట్టు మాది, పేరు మాది. బాపనోళ్ళు చదువుకొని ముష్టి అన్నరు, తురుకోళ్ళు వచ్చి కుచ్లా అన్నరు. మమ్ముల ఎవ్వరడిగిండ్రు?" అన్నది. ఆమె చెప్పింది నిజం కావచ్చు. చెట్టు కింద పుట్టినవాళ్ళకే దాని మొదటి పేరు తెలిసి ఉంటుంది.

నీ బాబాయి,
ఖాజావలి

తా.క.: ముసిడి అన్న మాట రిజిస్టరులో రాయించకు బాబూ. ఇంకో బస్తా పుడుతుంది.

*

బాపట్ల
1949 ఆగస్టు 22

బాబాయి గారికి నమస్కారాలు.

బస్తా పుట్టింది. నోటీసు వెళ్ళిన అర్జీదారుల ఉత్తరాలు సూపరింటెండెంటు గారే విప్పుతారట. మీ ఉత్తరం ఆయన చదివాకే నా బల్ల మీదికి వచ్చింది. నాలుగో వరస ఆయన చేత్తోనే రాశారు: ముసిడి, ఒక బస్తా. నాలుగు బస్తాలనూ తనిఖీ చెయ్యడానికి ఆగస్టు 26న స్వయంగా వస్తారు. చేదబావి సంగతి కూడా ఆయన చదివినట్టే. ఆ పేజీ మీద మాత్రం ఎర్ర గీతలు లేవు.

ఆ రోజు మీ పక్కన నిలబడాలని ఎంతో అనుకున్నాను. కానీ ఆలిస్‌కు నొప్పులు మొదలయ్యాయని తంతి వచ్చింది. పరుగున బాపట్ల వచ్చాను. నిన్న పొద్దున ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ బాగున్నారు.

బయల్దేరే ముందు ఒక పని చేశాను. మీ గింజ పేరు మీద ఐదు పేజీలు రాసి సూపరింటెండెంటు గారి బల్ల మీద పెట్టాను. మా నాన్న జవాబు కూడా జత చేశాను. ముష్టి, కుచ్లా, నక్స్ వామికా ఒకటేననీ, ముప్పై ఏళ్ళు ఆ మందు చుక్కలు లెక్కపెట్టి రోగులకు పోశాననీ ఆయన ఒట్టేసి రాశారు. లాటిను పేరుకు అర్థం కూడా రాశారు. వాంతి కాయ అనట. కానీ అది తింటే వాంతి కాదట, అయితే మనిషి బతుకును కదా అన్నారు. పెట్టినవాడికి తెలియక పెట్టాడట.

పండితుణ్ణొకరిని అడిగాను. పండు పిడికిలంత ఉంటుంది కనుక ముష్టి అన్నారు. ఇంకొకరు, పిడికెడు గింజలు చాలు చంపడానికి, అందుకే అన్నారు. బిచ్చానికి ఆ పేరు రావడం కూడా పిడికిలి వల్లనేనట. ఇంటికొక పిడికెడు బియ్యం పెట్టేవారు కదా. అంటే నేను మిమ్మల్ని ఆశ్రమానికి పంపిన ముష్టీ, మీ బస్తాలో ముష్టీ ఒక చేతి నుంచే వచ్చాయి. ఇక బాలమ్మ మాట సంగతి. ముసిడే ముందు పుట్టి, చదువుకున్నవాళ్ళ నోట ముష్టి అయిందేమోనని నాకూ అనిపిస్తోంది. ఏది ముందో ఎవరికీ తెలియదు. తెలియదని కూడా రాశాను.

అది చదువుతారో లేదో. మీకేమైనా అయితే నన్ను నేను క్షమించుకోలేను.

మీ,
జకర్యా

తా.క.: పిల్లకు మేబెల్ అని పెడదామని ఆలిస్, కాంతమణి అని మా అమ్మ. మా నాన్న మాత్రం, రెండూ పెట్టకండి, మీ ఆఫీసువాళ్ళు కవలలనుకుంటారు అంటున్నారు.

*

రాంగోపాల్‌పేట్
1949 ఆగస్టు 29

జకర్యా బాబుకు, మనవరాలికి, వాళ్ళ అమ్మకు దీవెనలు.

ముందు ఒక మాట. నేను క్షేమం. దుకాణం తెరిచే ఉన్నది. ఇప్పుడు జరిగింది చెబుతాను. చదివినాక నన్ను బాబాయి అనాలో వద్దో నువ్వే అనుకో.

శుక్రవారం పదిగంటలకు సూపరింటెండెంటు గారు ఇద్దరు జవాన్లతో వచ్చారు. చేతిలో నీ ఐదు పేజీలు ఉన్నాయి. చదివినట్టు ముఖం మాత్రం పెట్టలేదు. జాన్ బీ కుర్చీ వేసింది, ఆయన కూర్చోలేదు. కమలాబాయి గోడ మీది నుంచి చూస్తున్నది. బాలమ్మ అరుగు మీద కూర్చుని ఉన్నది. పర్వతాలు టపా సంచితోనే ఆగిపోయాడు. నాలుగు బస్తాలు ఏవీ అన్నారు. ఉన్నది ఒకటే అని చూపించాను. మూతి విప్పమన్నారు. జవాను విప్పాడు.

బాలమ్మ లేచి వచ్చి బస్తాలో చెయ్యి పెట్టింది. గింజ తీసి చూసింది. నా ముఖం చూసింది. తర్వాత ఆ గింజ నోట్లో వేసుకున్నది. ఒక జవాను కేక పెట్టి ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె గింజను బుగ్గన పెట్టుకుని నింపాదిగా చెప్పింది.

"గివి ముసిడి గింజలు గావు సారూ. చిల్లగింజలు. బురద నీళ్ళు తేటపడనీకి కుండల అరగదీస్తరు. గీటితోని ఎవ్వరు సావరు."

సూపరింటెండెంటు గారు వంగి ఒక గింజ తీసుకుని వెలుగులో తిప్పి చూశారు. "ఇవి ఇండుపగింజలు కదా. మా అమ్మ పెన్న నీళ్ళల్లో వేసేది" అన్నారు. బాలమ్మ కాదు, చిల్లగింజలన్నది. ఆయన ఇండుపగింజలేనన్నారు. ఆమె తన చిన్నప్పటి నుంచి చిల్లగింజలే అన్నది. ఆయన నెల్లూరు మొత్తానికీ అవి ఇండుపగింజలే అన్నారు. అప్పుడు కమలాబాయి గోడ మీది నుంచి, "ఒక్కటే గింజకు రెండు పేర్లెట్ల ఉంటయి సారూ?" అన్నది. ఆమెకు నీ ఉత్తరాలన్నీ నేనే చదివి వినిపించాను, తప్పు నాదే. ఆయన చేతిలో గింజను, నీ కాగితాలను కాసేపు చూశారు. తర్వాత జాన్ బీ వేసిన కుర్చీలో కూర్చున్నారు.

కూర్చుని ఒకటే అడిగారు. విషమే లేనప్పుడు విషానికి లైసెన్సు ఎందుకు అడిగావని.

నీతో కూడా చెప్పని సంగతి ఆయనకు చెప్పాను. పోయిన సెప్టెంబరులో, చేదబావి గొడవ జరిగిన మర్నాడే, నేనూ షంషీర్ కలిసి బస్తాలోని ముష్టిని పెరట్లో లోతుగా గొయ్యి తవ్వి ఒంపి, సున్నం పోసి పూడ్చేశాం. మా నాయన పేరు తెచ్చుకున్న సరుకును మా చేతులతోనే పూడ్చాం. తమ్ముడు అక్కడే నిలబడి, ఇంక ఈ ఊళ్ళో ఉండలేనన్నాడు. చలికాలం వచ్చేసరికి వెళ్ళిపోయాడు. ఆ ఖాళీ బస్తాలో చిల్లగింజలు నింపాను. అవే నువ్వు రిజిస్టరులో నాలుగు వరసలుగా చూసినవి.

దుకాణం కాగితాలు తమ్ముడి పేరు మీద ఉన్నాయి. చిన్నవాడని నాయన అట్లా రాశాడు. దేశం విడిచిపోయినవాళ్ళ ఇళ్ళు, దుకాణాలు సర్కారు తీసుకుంటున్నది. ఈ దుకాణం నడిపేది నేను, నేను పోలేదు, ఇక్కడే ఉన్నాను అని చెప్పే కాగితం నా పేరు మీద ఒక్కటీ లేదు. కరక్కాయకు లైసెన్సు ఉండదు, పిప్పళ్ళకు ఉండదు. నావంటి దుకాణానికి సర్కారు కాగితం ఇచ్చేది విషానికి ఒక్కదానికే. అందుకని లేని విషాన్ని ఉన్నదని రాశాను. నీకు రాసిన ఉత్తరాల్లో మిగతాదంతా నిజం బాబూ. మొదటి ఉత్తరంలో ఆ ఒక్క వాక్యం అబద్ధం. నువ్వు దాని కోసం ఐదు పేజీలు రాశావు.

సూపరింటెండెంటు గారు చాలాసేపు పెరటి వైపు చూశారు. అబద్ధపు అర్జీ పెట్టినందుకు కేసు పెట్టవచ్చునని చెప్పారు. జాన్ బీ చేతులు కట్టుకుని నిలబడింది. ఆయన కాగితం, కలం అడిగారు. అర్జీని కొట్టేసి, తనిఖీ రిపోర్టు మాత్రం మా గద్దె మీదనే రాశారు. కమలాబాయి చేత, పర్వతాలు చేత సాక్షి సంతకాలు చేయించారు. బాలమ్మ వేలిముద్ర వేసింది. ముద్ర వేసిన నకలు మర్నాడే వచ్చింది. నీకోసం మాటకు మాట రాస్తున్నాను:

"రాంగోపాల్‌పేట్‌లో తన దుకాణాన్ని తానే నడుపుకుంటూ, ఇరుగుపొరుగు సాక్ష్యం ప్రకారం ఎన్నడూ ఊరు విడవక కాపురమున్న ఖాజావలి, తండ్రి పీర్ మహమ్మద్, అను ఆసామి వద్ద విషము ఏదియు లేదని స్వయముగా విచారించి తెలుసుకొనడమైనది."

చదివి లోపలికి పోయి కూర్చున్నాను. జాన్ బీ వచ్చి ఏమైందని అడిగింది. చదివి వినిపించమన్నది. సగందాకా చదివి కాగితం పక్కన పెట్టేశాను. మిగతాది కమలాబాయి మనవరాలు చదివింది. పోయిన సెప్టెంబరులో ఈ ఒక్క ముక్క ఎవరైనా రాసిచ్చి ఉంటే షంషీర్ ఉండేవాడేమో. ఒక నకలు వాడికి కరాచీ పంపుతున్నాను.

మాది పాత రోజుల్లో కట్టిన దుకాణం, గోడలకు మేకు దిగదు. అయినా కాగితాన్ని అద్దం కట్టించి గద్దె వెనక పెట్టాను. వచ్చినవాళ్ళు ముందు అది చదివి తర్వాత సరుకు అడుగుతున్నారు.

నువ్వు కోప్పడినా సరే, ఊరికి తిరిగి రాగానే ఒకసారి మా అరుగు ఎక్కు. టపాలో కాదు, నడిచి రా.

నీ కోసం చూసే
ఖాజావలి

తా.క.: ఆ కాగితంతో ఒక చిక్కు వచ్చింది. నిన్న రాజమ్మ అని ఒక ముసలామె మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చింది. అద్దంలో కాగితాన్ని ఎవరి చేతనో చదివించుకుని నిలదీసింది. "విషం లేదని రాసి పెట్టుకున్నవు, మరి నా నొప్పులకు నూనె దేనితోని కాస్తవు?" అందుకని వచ్చే అంగడికి బాలమ్మను ఒక గంప నిజం గింజలు తెమ్మన్నాను. నువ్వు సెలవు నుంచి రాగానే నిజం అర్జీ పెట్టుకుంటాను. అందులో ఏ పేరు రాయాలో నువ్వే నిర్ణయించి చెప్పు. ఒక్కటే చెప్పు.